బుజ్జి తీసుకెళ్లిన ముక్క

పెద్దరసం మామిడి చెట్టు కింద పసుపు పూసిన రాయి ముందు భాస్కరం చెప్పులు విడిచి నిలబడ్డాడు. జేబులో గాజు స్లైడు ఉంది.

నిరుడు సెలవులకు నూజివీడు వచ్చినప్పుడు, తమ తోటలోని ఆ రాయి అంచును సుత్తితో కొట్టి ముక్క పట్టుకెళ్లింది అతనే. వేసవి వానకు పసుపు కడుక్కుపోయి, జియాలజీ ఆనర్స్ కుర్రాడి కంటికి అది ఎర్రచుక్కల మంచి రాయిలా కనిపించింది అంతే. వాల్తేరు కాలేజీలో దాన్ని వెలుతురు దూరేంత పల్చగా అరగదీసి గాజు మీద అంటించాడు. మాస్టారు క్లాసంతటికీ చూపించి మెచ్చుకున్నారు.

ఆ రాయి కింద తోటకాపరి నాంచారమ్మ కూతుర్ని, పసిపిల్లను, పూడ్చారని నిన్ననే తెలిసింది. తిరిగివ్వడానికి మిగిలింది ఆ స్లైడే.

"నాంచారమ్మా, ఈ రాయి..."

"మీరూ చూశారా బాబుగారూ?" ఆమె మొహం విప్పారింది. "నిరుడు మా బుజ్జి వచ్చిందండీ. ఆడుకోడానికి ముక్క విరుచుకుపోయింది. అంత చిన్న చేతులతో ఎంత అవస్థ పడిందో!"

రాయి పక్కన మట్టి మూకుట్లో గులకరాళ్లున్నాయి.

"మళ్లీ వస్తే తీసుకుంటుందని ఏరి పెట్టాను. రోజూ చూస్తున్నా, ఒక్కటీ తగ్గలేదు. నా మీద కోపమొచ్చిందంటారా?"

 స్లైడు కోసం జేబులో పెట్టిన భాస్కరం చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

"ఉండండి, రెండు పళ్లు తెస్తాను" అంటూ ఆమె పాకలోకి వెళ్లింది.

అతను వంగి, మూకుట్లోంచి అన్నిట్లోకీ నున్నటి రాయి తీసుకున్నాడు. ఈసారి సుత్తి అక్కర్లేకపోయింది.