కాయిల్ మీద తడిగుడ్డ

లోడ్‌షెడ్డింగ్ చీకట్లో, షాలిమార్ గూడ్సు యార్డు పక్కన, బైరాగి టాక్సీ ఆగిపోయింది. వెనక సీట్లో భార్య సన్యాసమ్మ పురిటినొప్పులు పడుతోంది. కాయిల్ వేడెక్కితే స్పార్కు పుట్టదు, స్పార్కు లేనిదే ఇంజిన్ లేవదు. కాయిల్‌కి తడిగుడ్డ చుట్టి చల్లార్చడం నేర్పింది అన్న వెంకటేశు. ఈ టాక్సీ అతను నడిపిందే; నిరుడు చనిపోయాడు. ఇవాళ కంగారులో బైరాగి నీళ్ల సీసా ఇంట్లోనే మరిచాడు.

తాళం చెవి జేబులో వేసుకుని బానెట్ ఎత్తాడు. చెయ్యి కాలుతుందని జంకుతూనే తడిమాడు.

చల్లగా తగిలింది. కాయిల్ చుట్టూ గుడ్డ, దాన్నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ముడి వెంకటేశు వేసే ఎడమచేతి ముడే.

బానెట్ వెనకనుంచి సన్యాసమ్మ గొంతు వినబడింది.

"బేగెక్కు మావా, భయం నేదు. బావగోరు ముందు సీట్లో కూకున్నారు."

తాళం చెవి బైరాగి జేబులో ఉండగానే ఇంజిన్ లేచింది.