పొడుగు చేతుల చొక్కా

కొండ మలుపులో కారాపి అన్నం డబ్బాలు విప్పాం. ఏనుగొస్తుందనీ, లోయలో పడతామనీ రెండు రోజులుగా హడలిపోతూనే ఉన్నాను. ఇంత ఎండలోనూ పాప పొడుగు చేతుల చొక్కా విప్పలేదు. చెంచా ఎడమచేత్తో పట్టుకుంది.

"ఆ కుడిచెయ్యి ఇలా ఇవ్వు."

"ఏం లేదమ్మా."

చొక్కా చెయ్యి పైకి లాగాను. లోపల వాళ్ళ నాన్న చేతిరుమాలు కట్టి ఉంది. దాని మీద రక్తం ఎండిపోయింది.

"నిన్న కోతి కరిచింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కారు వెనక్కి తిప్పిస్తావని నాన్న చెప్పొద్దన్నారు."

ఆయన దుర్భిణీలోంచి జింకల్నే చూస్తున్నారు. "చిన్న గాటే. ఇంటికెళ్ళాక ఇంజెక్షన్ వేయిద్దాంలే. ఇక మొదలుపెట్టకు."

నేను డబ్బాలు మూసేశాను. "ముందు ఆసుపత్రికి పోనివ్వండి."

పాప నా వైపు చూడలేదు.

"సారీ నాన్నా, అమ్మకి తెలిసిపోయింది" అంది.