ముప్పయ్యో పొట్ట

నీళ్ళలోంచి ఒక బుడగ పైకి లేచింది.

సెరీనా ఊపిరి బిగబట్టింది.

దాని వెనకే ఇంకోటి. ఆ తర్వాత వరసగా.

"ఛ!" అంటూ గాలిపంపు ఆపేసింది.

మెల్‌బోర్న్‌లో ఆమెకిది ఎమ్మెస్ చివరి సెమిస్టర్. ప్రాజెక్టు ఒక చిన్న క్లిప్పు. నోట్లోంచి గొట్టం దింపి, పొట్ట లోపల్నుంచే గడ్డను కోసి తీసేస్తారు. పైన ఎక్కడా కోత ఉండదు. లోపల పడిన కంతను మూసేది ఆ క్లిప్పే.

సైకిలు ట్యూబుకి పంచరు చూసినట్టే పరీక్ష. పంది పొట్టకు కంత పెట్టి, క్లిప్పు వేసి, నీళ్ళలో ముంచి గాలి కొట్టాలి. ఒక్క బుడగ రాకుండా ముప్పైకి ముప్పై నిలవాలి. నిలిస్తేనే వచ్చే గురువారం ల్యాబ్‌కి ఎదురుగా ఉన్న హాస్పిటల్లో మొదటిసారి ఒక మనిషికి ఆ క్లిప్పు వేస్తారు.

ఇరవై తొమ్మిది నిలిచాయి. రిపోర్టు ఇవ్వాల్సింది రేపే.

"ఏమైంది తల్లీ?"

గుమ్మంలో అమృతం. ఊరి చివర, క్రెయిగీబర్న్ అవతల మాంసం ఫ్యాక్టరీలో పని చేస్తుంది. నరసాపురం వైపు మనిషి. ప్రతి గురువారం ఐసు డబ్బాలో పొట్టలు తెచ్చేది ఆవిడే. డబ్బా దించి ఊరికే వెళ్ళదు. మనిషి దగ్గితే క్లిప్పు ఊడదా? వారంలో మళ్ళీ పనిలోకి వెళ్ళొచ్చా? ఏదో ఒకటి అడుగుతుంది. సెరీనా ఊఁ కొడుతుంది.

"లీకైంది ఆంటీ. మీవాళ్ళ నైఫ్ తగిలినట్టుంది."

అమృతం మొహం మారిపోయింది.

"నా చేతి మీదుగా వచ్చినదానికి గాటా? ఒక్కోదాన్నీ కుళాయి కింద పెట్టి, నీళ్ళు నింపి చూశాకే తెస్తాను. ఇది నా పొట్టే అనుకుని చూస్తాను తల్లీ."

"భయపడకండి. మీ జాబ్‌కేం కాదు. నేను కంప్లైంట్ చెయ్యన్లెండి."

"జాబ్ గురించి కాదే! ఇంకోసారి చూడు. తప్పు ఆ క్లిప్పుదేనేమో."

"ఆంటీ, ప్లీజ్! ఇది రీసెర్చ్. పొట్టలు కడిగినంత ఈజీ కాదు."

మాట నోరు దాటాక నాలుక కరుచుకుంది సెరీనా.

అమృతం నవ్వేసింది. "నిజమేలే. చదువుకున్నదానివి. నువ్వు చూశావంటే నాకదే ధైర్యం." పాత ఖాళీ డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సెరీనా కంప్యూటర్లో కొట్టింది: 'ముప్పయ్యో పొట్టకు కత్తి గాటు ఉంది. అందుకని తొలగించాం.'

కొత్త డబ్బాలోంచి ఇంకో పొట్ట తీసింది. క్లిప్పు వేసింది. గాలి కొట్టింది.

ఒక్క బుడగ లేదు.

మర్నాడు రిపోర్టు చూసి ఆమె గైడు, సర్జన్ రాజారావు మురిసిపోయాడు.

"థర్టీ అవుటాఫ్ థర్టీ! బ్యూటిఫుల్. ఆ తీసేసినదాన్ని విప్పి చూశావుగా?"

"చూశాను సర్."

చూడలేదు.

గురువారం వచ్చింది. రెండో విడత పరీక్షలకు పొట్టల డబ్బా తెచ్చింది అమృతం కాదు. ఎవరో తెల్లాయన.

"అమృతం ఆంటీ ఏరీ?" ఇంగ్లీషులో అడిగింది సెరీనా.

"ఈ రోజు రాలేదు మేట్," అని డబ్బా దించి పోయాడాయన.

నా మాటకే మానేసిందా? లేక గాటు సంగతి ఫ్యాక్టరీలో తెలిసి తీసేశారా? సెరీనాకు మనసు మనసులో లేదు.

ఫ్రీజర్ తెరిచింది. ముప్పయ్యో పొట్ట అడుగున ఉంది. దాని సంచికి ఒక చీటీ. ఇన్నాళ్ళూ ఏ సంచి చీటీనీ ఆమె చదవనే లేదు.

తెలుగులో గుండ్రటి అక్షరాలు. 'నీళ్ళు పోసి చూశాను. చుక్క కారలేదు.'

వేడి తగిలించి మంచు కరిగించింది. క్లిప్పు విప్పి, పొట్టను వెలుతురుకు పట్టి వేలితో తడిమింది.

గాటు లేదు. ఎక్కడా లేదు.

క్లిప్పు పళ్ళు పొట్ట గోడను సగమే కరిచాయి. లోపలి పొరను పట్టుకుని, బయటి పొరను వదిలేశాయి.

సెరీనా ఫోన్ చేసింది. రాజారావు ఎత్తలేదు.

పరిగెత్తింది. ట్రామ్ గంట కొడుతున్నా ఆగకుండా రోడ్డు దాటింది.

ఆపరేషన్ థియేటర్ బయట కనిపించాడు రాజారావు.

"కంగ్రాట్స్! అరగంట క్రితమే అయిపోయింది. నీ క్లిప్పు సూపర్‌గా పట్టింది."

"సర్... ఆ ముప్పయ్యోది... గాటు కాదు సర్. క్లిప్పే. నేను విప్పి చూడలేదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. "లీకేమో చూడాలి," అంటూ స్కానింగ్ గది వైపు పరిగెత్తాడు.

"పేషెంటుకి మెలకువ వచ్చింది," అంది నర్సు. "క్లిప్పు టెస్ట్ చేసిన అమ్మాయిని చూడాలంటోంది. నువ్వేనా?"

సెరీనా తెర పక్కకు లాగింది.

"ముందే చెబితే నీ చెయ్యి వణుకుద్దని చెప్పలేదు తల్లీ," మంచం మీంచి నీరసంగా నవ్వింది అమృతం. "ముప్పైకి ముప్పై నిలిచాయంటగా!" అని, పొట్ట పట్టుకుని దగ్గింది.