రెండు వందల ఒకటో మనిషి

హైదరాబాద్ రాయదుర్గంలో ఒక ఐటీ ఆఫీసు, పద్నాలుగో అంతస్తు. ఆఫీసు ఖాళీ అయ్యాకే టెస్టు నడపాలి గనక మెర్సీ ఒక్కతే ఉంది. ప్రోగ్రామ్ పుట్టించే రెండు వందల మంది ఉత్తుత్తి ఉద్యోగులను ఒకేసారి సర్వర్ల మీద నడిచే వర్చువల్ డెస్క్‌టాప్‌లలోకి పంపి, సర్వర్లు తట్టుకుంటాయో లేదో చెప్పే టూల్స్ రెండున్నాయి. తెల్లారేలోగా ఒకటి ఎంచుకోవాలి.

మొదటి టూల్ రెండు వందల మందిని చూపించింది. రెండోది రెండు వందల ఒకరిని.

మెర్సీ టీమ్ లీడ్ వాసంతికి ఫోన్ చేసి చెప్పింది.

"మనం పెట్టింది రెండొందలే కదమ్మా. ఆ రెండోదానికి లెక్క రాదని రాసేసి ఇంటికెళ్లిపో."

మెర్సీ ఆ అదనపు డెస్క్‌టాప్ తెరిచింది. నోట్‌ప్యాడ్‌లో ఎవరో టైప్ చేస్తున్నారు. ఉత్తుత్తి ఉద్యోగులు తప్పులు చేయరు. ముందే రాసిపెట్టిన స్క్రిప్టులో ఉన్నది ఉన్నట్టే కొడతారు. ఇక్కడ అక్షరాలు పడుతున్నాయి, చెరుగుతున్నాయి, కాసేపాగి మళ్లీ పడుతున్నాయి.

టెస్టు ఆపేసింది. రెండు వందల మంది మాయమయ్యారు. ఒకరు మిగిలారు.

మెర్సీ రిపోర్టులో రాసింది: 'రెండో టూల్‌కి లెక్క రాదు. వద్దు.'

నోట్‌ప్యాడ్‌లో అక్షరాలు నెమ్మదిగా పడ్డాయి.

'దానికి లెక్క వచ్చు మెర్సీ. నన్ను లెక్కపెట్టింది అదొక్కటే.'