హీనా వాసన

ధర్మవరంలో పరుపులు కుట్టే హమీద్‌కు అత్తరు వాసన పడదు. మాట కూడా కటువే. అలాంటివాడు ఆ చలికాలం రాత్రి గడప దాటగానే ఇల్లంతా హీనా అత్తరు గుప్పుమంది.

భార్య హసీనాబీకి ఒళ్ళు మండింది. "ఎవురు పూసినారు?" అని నిలదీసింది.

"చలికాలం గదా, ఒంటికి ఎచ్చగా ఉంటాది" అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనం భర్తది కాదు. చలి మొదలైతే చాలు హీనా పూసుకుని, అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు మరిది హజరత్‌వలి. పోయిన చలికాలంలో పెనుకొండ కొండ మీంచి పడి చనిపోయాడు. కాలు జారిందని, వెంట వెళ్ళిన హమీదే వచ్చి చెప్పాడు. హసీనాబీ ఆ మాట నమ్మలేదు. అయినా మిన్నకుండిపోయింది.

"ఇంతసేపూ యాడికి పోయింటివి?" అంది.

"కొండకాడికి."

ఆమె లాంతరు పైకెత్తి చూసింది. ముఖం భర్తదే, నుదుటి మీది గాటూ అతనిదే. అతను తలుపు గడియ పెట్టి వచ్చి, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. వీధిలో మగ్గాల చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"నీకు అప్పుడే అనుమానమొచ్చింది గదా" అన్నాడు, అదే మెత్తని గొంతుతో. "ఎందుకు నోరు తెరవలేదు, వదినా?"