మూడు నిమిషాల నిశ్శబ్దం

చెవులాయన మూడో రోజు కూడా వెల్డింగ్ షెడ్డులోకి వచ్చాడు.

ఎప్పుడూ చెవులకు ఏదో తగిలించుకుని తిరిగే ఆ బక్కమనిషికి షెడ్డువాళ్లు పెట్టిన పేరది. మెడలో పట్టీకి ఓ పెట్టె వేలాడుతుంటుంది. దాని ముఖాన గడియారానికున్నట్టు ఒక ముల్లు.

"మేస్త్రీ గారూ, పదకొండు నలభై నుంచి మూడు నిమిషాలు మిషన్ ఆపరూ? అంతే."

"నిన్న నలభై నాలుగన్నావు. మొన్న నలభై ఎనిమిదన్నావు. నీకు టైము చూడ్డం రాదా?" అన్నాడు మేస్త్రీ.

"అదేనండీ అసలు సంగతి! మనుషుల పనయితే రోజూ ఒకే టైముకి జరుగుతుంది. రోజుకు నాలుగు నిమిషాలు ముందొచ్చేవి నక్షత్రాలే. ఆకాశాన్ని వినడానికి కొండమీద పెట్టిన మా పెద్ద డిష్షులో ఏదో పడుతోంది, ఈ పెట్టెలో నాకు వినబడుతోంది. ఎవరో పిలుస్తున్నట్టుంది. మీ వెల్డింగ్ గోల అడ్డొచ్చి తేలడం లేదు."

"ఎవరు పిలిచేది?"

"మనలాంటివాళ్లు. పైన."

"కిందున్న చుట్టాలతోనే చస్తున్నాం. పైనుంచి కూడా దిగుతారా?"

షెడ్డంతా నవ్వింది.

మేస్త్రీ బావమరిది మాత్రం నవ్వలేదు. వెల్డింగ్ నిప్పు ఎగసినప్పుడల్లా పెట్టెలో ముల్లు ఎగిరెగిరి పడటం చూస్తున్నాడు.

"బావా! అది మీటరు. వీడు కరెంటాఫీసు మనిషి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రీ చూపు ఠక్కున పైకప్పుకేసి పోయింది. వీధి స్తంభం నుంచి దొంగచాటుగా లాగిన వైరు అక్కడే ఉంది. పోయిన నెల పక్క వీధివాడు ఇలాగే దొరికాడు. షెడ్డుకి సీలు, మనిషికి జైలు. మేస్త్రీ ఇంట్లో ఆరుగురు తినేది ఈ షెడ్డు మీదే.

"మూడు రోజుల్నించీ మా కొంప ముంచడానికి తిరుగుతున్నావట్రా?"

మొదటి దెబ్బ చెంప మీద పడింది. కళ్లద్దాలు ఎగిరి ఇనుప తుక్కులో పడ్డాయి.

"అయ్యో, మీ కరెంటుతో నాకేం పనండీ! పెట్టె... పెట్టె జాగ్రత్త!"

పెట్టెను అలా కావలించుకునేసరికి అనుమానం కాస్తా రుజువైపోయింది. అందులో సాక్ష్యం లేకపోతే అంత ఆరాటమెందుకు?

బావమరిది కడుపులో తన్నాడు. గ్రైండింగ్ చేసేవాడు జుట్టు పట్టి వంచాడు. చుట్టుపక్కల షెడ్లవాళ్లంతా పనులాపి పరిగెత్తుకొచ్చారు. "దొంగా?" అని అడిగిన ఒకడు జవాబు రాకముందే కాలెత్తాడు. తేరగా దొరికిన వీపు మీద తలా ఒక చెయ్యి వేశారు. పక్కటెముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. ఒక్కడూ ఆగలేదు. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

"కొట్టండి... నలభైకి మాత్రం... మిషన్లు ఆపండి," అన్నాడు చెవులాయన నెత్తుటి నోటితో.

ఆ మాటకు మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేతికందిన ఇనుప రాడ్డు తీసి తల మీద కొట్టాడు.

చెవులాయన తూలిపోయి మెయిన్ స్విచ్చి మీద పడ్డాడు. ఫట్‌మంది. షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. పక్క షెడ్లలో పని చేయడానికి ఎవరూ మిగల్లేదు. వీధి మొత్తం చడీచప్పుడూ లేకుండా అయిపోయింది.

సరిగ్గా పదకొండు నలభై.

కింద పడ్డవాడు చెవులకున్నదాన్ని సర్దుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి కారుతోంది. కాసేపటికి విరిగిన పళ్లతో నవ్వాడు.

"ఉన్నారు," అన్నాడు.

ఆ నవ్వుతోనే ఊపిరి ఆగింది.

అది జరిగిన ఐదో రోజున, కొండమీద డిష్షు దగ్గర చెవులాయనతో పనిచేసే ఒకావిడ లాకప్పు దగ్గరికి వచ్చింది. మేస్త్రీ ఊచల వెనకనుంచి చేతులు జోడించాడు.

"కరెంటాఫీసు మనిషనుకున్నానమ్మా. భయంతో కొట్టాను."

ఆమె తిట్టలేదు.

"చివర్లో ఆయనేమన్నారు?"

"'ఉన్నారు' అన్నాడమ్మా. ఎవరున్నారో నాకు తెలీదు."

ఆమె ఊచ పట్టుకుంది.

"మీ వీధి ఆగిన ఆ మూడు నిమిషాలూ డిష్షులో రికార్డయ్యాయి. మేమంతా నిన్ననే విన్నాం. అది మిషన్ల గోల కాదు, పిలుపే."

మేస్త్రీ జోడించిన చేతులు కిందికి దించేశాడు.

"ఇంత పెద్ద ఆకాశంలో మనకు తోడున్నారని, ఈ భూమ్మీద అందరికంటే ముందు తెలుసుకున్న మనిషి ఆయన," అంది ఆమె.