పేరంటానికి వచ్చిన ఫ్రిజ్

ఇంటికి నలుగురు వస్తే చాలు, ఫ్రిజ్ గొంతు విప్పేది. క్రెడిట్ కార్డు బాకీ వసూలుకు మనుషులు రావడం మానేసి చాలా కాలమైంది. నలుగురిలో బాకీ చదివి పరువు తీసే ఆ పని ఇప్పుడు ఇంట్లో వస్తువులే చేస్తున్నాయి. ఉద్యోగం పోయి వాయిదాలు తప్పిన ప్రమీల, ఈ శ్రావణ శుక్రవారం పేరంటం వద్దని అత్తగారిని బతిమాలింది.

"ఫ్రిజ్‌కి జడిసి అమ్మవారి పేరంటం మానుకుంటామా?" అంది కామేశ్వరమ్మ.

ముత్తయిదువలు వచ్చి కూర్చున్నారు. ఫ్రిజ్ మీద ఎర్రలైటు వెలగగానే ప్రమీల పసుపు గిన్నె పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోబోయింది. అత్తగారు తాపీగా లేచి, ఫ్రిజ్ తలుపుకి బొట్టు పెట్టింది.

"మా కోడలి కార్డు బాకీ గురించి ఇది నాలుగు మాటలు చెబుతుందిట. ఉద్యోగం పోయింది, కట్టలేకపోయింది. దొంగతనమేం చెయ్యలేదు. శనగలు తింటూ వినండి."

ఎదురింటి రాజ్యలక్ష్మి పకపకా నవ్వింది. "మీది నయం పిన్నిగారూ! మా గ్రైండర్ పిండితోపాటు మా ఆయన పరువు కూడా రుబ్బుతుంది."

ఇంకొకావిడ తన వాషింగ్ మెషీన్ సంగతి ఎత్తుకుంది. గది నవ్వులతో నిండిపోయింది. సిగ్గుపడే మనిషి ఒక్కరూ దొరకలేదు కాబోలు, ఫ్రిజ్ చివరికి మెత్తగా అడిగింది.

"అమ్మా, నెలకు ఎంతైతే కట్టగలరు?"

ప్రమీల అత్తగారి వైపు చూసి, తలెత్తి చెప్పింది. "ఉద్యోగం దొరికేదాకా, ట్యూషన్ డబ్బుల్లో సగం."

"అలాగేనమ్మా."

కామేశ్వరమ్మ శనగల పొట్లం ఒకటి తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టింది.

"మర్యాదగా అడిగినవాళ్లని వట్టి చేతులతో పంపకూడదే," అంది కోడలితో.